పాత పికప్ ఇంజిన్ పని చేయించాలా, మార్చాలా? హెడ్ దించకముందే తేల్చుకునే పద్ధతి

బొలెరో పికప్ నీలం పొగ వదులుతోంది, ఘాట్‌లో సెకండ్ గేర్ దాటడం లేదు, ఆయిల్ తింటోంది. షెడ్డుకు తీసుకెళ్తే మూడు సలహాల్లో ఏదో ఒకటి వస్తుంది. ఇంజిన్ విప్పి బోరింగ్ (అరిగిన సిలిండర్లను కోసి సరిచేయడం) చేయించమని ఒకరంటారు. ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ తెచ్చి ఎక్కించేద్దామని ఇంకొకరంటారు. ఎలాగూ దించుతున్నాం కాబట్టి స్కార్పియో ఇంజిన్ పెట్టేద్దాం అనేవాళ్లూ ఉంటారు. ఏది సరైనదో బండి నడుస్తున్నప్పుడే తేల్చుకోవాలి. ఒకసారి హెడ్ (సిలిండర్ల మీది మూత భాగం) దించాక బండి ఆ షెడ్డులోంచి కదలదు. ఇంకో మెకానిక్‌కి చూపించలేరు, ఎంత చెబితే అంతకు ఒప్పుకోవాల్సి వస్తుంది. పైగా నడిచే ఇంజిన్ మీద మాత్రమే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. విప్పాక అవి చేయడం కుదరదు.

ఇక్కడ చెప్పేది 2523 సీసీ నాలుగు సిలిండర్ల మహీంద్రా డీజిల్ ఇంజిన్‌ను దృష్టిలో పెట్టుకుని. దాని బోర్ (సిలిండర్ వెడల్పు) 88.9 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 101.6. 2956 సీసీ ఇంజిన్ ఉన్న టాటా 207 డీఐకి కూడా పద్ధతి ఇదే, కొలతలు మాత్రం దాని మాన్యువల్ నుంచి తీసుకోవాలి.

ముందు ఇంజిన్ కాదు, ఛాసిస్ చూడండి

బండిని పిట్ మీద పెట్టించి, చిన్న సుత్తితో ఛాసిస్ మెంబర్లను (బండి చట్రం దూలాలను) తట్టుకుంటూ వెళ్లండి. కమాన్ (స్ప్రింగ్ కట్ట) షాకిల్ బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ మౌంటింగుల కింద, లోడ్ బాడీ బోల్టుల చుట్టూ మరీ జాగ్రత్తగా చూడాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా చప్పుడవుతుంది. భీమవరం వైపు చేపలు, రొయ్యలు మోసిన బండ్లకు ఉప్పునీళ్లు కారి వెనక క్రాస్ మెంబర్లు లోపలినుంచి పోయి ఉంటాయి, పైన పెయింట్ మాత్రం బాగానే కనిపిస్తుంది. ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకులు రెండు చోట్ల కంటే ఎక్కువ కనిపిస్తే ఇంజిన్ మీద పెద్ద డబ్బు పెట్టకండి.

గేర్‌బాక్స్, క్రౌన్ పినియన్ (వెనక యాక్సిల్ గేర్లు), స్టీరింగ్, బ్రేకులు కూడా రాసుకోండి. వచ్చే ఏడాదిలో వాటికి అయ్యే ఖర్చును ఇంజిన్ ఖర్చుకు కలిపితేనే అసలు లెక్క తేలుతుంది.

బండి లాగడం లేదంటే ఇంజిన్ పోయినట్టు కాదు

బండి లాగకపోవడానికి చవకైన కారణాలు చాలా ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవచ్చు, డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు చేరవచ్చు, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని తోసే పరికరం) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది) వెళ్లే హోస్ చిట్లవచ్చు, క్లచ్ జారుతుండవచ్చు, ఒక వెనక బ్రేక్ పట్టేసి ఉండవచ్చు. హోస్ చిట్లితే లోడ్ మీద నల్ల పొగ వస్తుంది, బుస్సుమని గాలి చప్పుడు కూడా వినిపిస్తుంది. బండి ఒక కిలోమీటరు నడిచాక వీల్ డ్రమ్ముల దగ్గర చేయి పెట్టండి, ముట్టుకోకుండానే. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేక్ పట్టేసినట్టే.

కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో డీజిల్ కొట్టే రకం) ఇంజిన్ అయితే స్కానర్ పెట్టించి కోడ్‌లు చూడండి, ఇంజెక్టర్ రిటర్న్ పరీక్ష చేయించండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులను నాలుగు చిన్న సీసాల్లో పెట్టి, ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడిపితే చాలు. మూడు సీసాలు ఒకే మట్టంలో ఉండి నాలుగోది రెట్టింపు నిండితే ఆ ఇంజెక్టర్ అరిగిపోయింది. రిటర్న్ సరిగా ఉన్నా ఇంజెక్టర్ కొన నుంచి డీజిల్ కారుతుండవచ్చు, అది బెంచ్ మీద పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఆ కారే డీజిల్ లైనర్ (సిలిండర్ లోపలి గోడ) మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కొన్నాళ్లకు పిస్టన్ తలను కాలుస్తుంది. అందుకే ఇంజెక్టర్లు చూడకుండా ఇంజిన్ పని చేయిస్తే కొత్త పిస్టన్ కూడా అదే దారిన పోతుంది.

నడిచే ఇంజిన్ మీద ఐదు పరీక్షలు

మొదటిది బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని గ్యాస్ పిస్టన్ పక్కనుంచి కిందికి జారడం. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, తిరగేసి దాని రంధ్రం మీదే పెట్టండి. కొద్దిగా వణికి అక్కడే ఉంటే భయం లేదు. ఎగిరి పడిపోయినా, పొగ ఉఫ్ ఉఫ్ అంటూ దెబ్బదెబ్బలుగా బయటికొచ్చినా పిస్టన్ రింగులు గ్యాస్‌ను ఆపడం లేదని అర్థం.

ఈ సంగతి టర్బోతో కలిపి చూడాలి, పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. నీలం పొగ చూసి టర్బో మార్చేస్తారు, నెల తిరక్కుండా కొత్త టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది. టర్బోలోని ఆయిల్ కిందికి సంపులోకి (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) తన బరువుతో జారిపోవాలి. సంపులో బ్యాక్ కంప్రెషన్ ఒత్తిడి నిండి ఉంటే అది కిందికి దిగలేక సీల్ దాటి ఇన్‌టేక్‌లోకి వస్తుంది. కాబట్టి ముందు బ్యాక్ కంప్రెషన్, తర్వాతే టర్బో. ఇంటర్‌కూలర్ హోస్ విప్పితే పల్చటి ఆయిల్ తడి ఉండటం మామూలే. వంచితే చెంచాలకొద్దీ ఆయిల్ కారితే అప్పుడు టర్బో షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని ఆడించి చూడండి. వీల్ హౌసింగ్‌కు రాసుకుంటుంటే అది పోయింది.

రెండోది కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉండాలి, డీజిల్ సరఫరా ఆపాలి. గ్లో ప్లగ్ లేదా ఇంజెక్టర్ రంధ్రంలో డీజిల్ గేజ్ బిగించి ఒక్కో సిలిండర్‌నూ ఒకే లెక్కన, ఆరేడు చుట్లు సెల్ఫ్ కొట్టండి. పెట్రోల్ బండి గేజ్ ఈ ఒత్తిడిని తట్టుకోదు. ఆరోగ్యంగా ఉన్న డీజిల్ సిలిండర్ మామూలుగా 350 నుంచి 450 పీఎస్‌ఐ మధ్య చూపిస్తుంది, కచ్చితమైన కనీస అంకె మాన్యువల్‌లో ఉంటుంది. అంకె ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో సిలిండర్ల మధ్య తేడా కూడా అంతే ముఖ్యం. తేడా 10 శాతం దాటితే అనుమానించాలి. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు సమానంగా పడిపోతే చాలాసార్లు వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింది సీల్) కాలి ఉంటుంది. అది హెడ్ పనితో పోయే జబ్బు, బోరింగ్ అక్కర్లేదు. ఒక్కటే పడిపోతే వాల్వో, ఆ పిస్టనో. నాలుగూ పడిపోతే ఇంజిన్ అరిగింది.

రింగా వాల్వా తేల్చడానికి తక్కువ ఉన్న సిలిండర్‌లో ఒక టీస్పూన్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. టీస్పూన్ దాటనివ్వకండి. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు చాలా చిన్నది, ఆయిల్ ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

మూడోది ఆయిల్ ప్రెషర్. డ్యాష్‌బోర్డు లైటును నమ్మకండి, ప్రెషర్ స్విచ్ తీసి మెకానికల్ గేజ్ పెట్టించండి. వేడి ఇంజిన్ మీద ఐడిల్‌లో 1 బార్ చుట్టూ, 2500 ఆర్‌పీఎం దగ్గర 3 బార్ లేదా అంతకంటే ఎక్కువ ఉంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) బేరింగులు బాగున్నాయనుకోవచ్చు. అంతకంటే బాగా తక్కువ ఉండి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కిందినుంచి టకటకమని బరువైన చప్పుడొస్తే ఆ రోజు నుంచి బండి నడపకండి. ఇంకో వంద కిలోమీటర్లు నడిపితే గ్రైండింగ్‌తో బాగుపడే క్రాంక్ కూడా పనికిరాకుండా పోతుంది.

నాలుగోది రేడియేటర్. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేయించి, నీళ్లలోకి చూడండి. బుడగలు ఆగకుండా వస్తుంటే మంట గ్యాస్ కూలెంట్‌లోకి దూరుతోంది, అంటే గ్యాస్కెట్ పోయింది, లేదా హెడ్ పగిలింది.

ఐదోది ఆయిల్ ఖర్చు. డిప్‌స్టిక్ మీద పై గీత దాకా పోసి, 1000 కిలోమీటర్లు నడిపి, మళ్లీ పై గీతకు రావడానికి ఎంత పట్టిందో కొలవండి. అర లీటరు లోపైతే గమనిస్తూ నడుపుకోవచ్చు. లీటరు దాటితే పని దగ్గర పడింది. అయితే ఉదయం స్టార్టింగ్‌లో మాత్రమే నీలం పొగ వచ్చి ఆగిపోతే అది వాల్వ్ సీల్స్ సంగతి, మొత్తం ఇంజిన్ విప్పే పని కాదు.

అంకెలు వచ్చాక లెక్క

ఖర్చును కిలోమీటరుకు ఎంత అని చూడండి. ఉదాహరణకు పూర్తి పని, లేత్ ఖర్చుతో కలిపి, 1,20,000 రూపాయలు, బండి 10 రోజులు ఆగుతుంది, రోజుకు మీ ఆదాయం 1,500 అనుకుందాం. మొత్తం 1,35,000. ఆ ఇంజిన్ 1,50,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 90 పైసలు. సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ బిగింపుతో కలిపి 80,000, మూడు రోజులు ఆగితే 84,500. అది 60,000 కిలోమీటర్లకే మళ్లీ విప్పాల్సి వస్తే కిలోమీటరుకు 1.41 రూపాయలు. చవక అనిపించినదే ఖరీదైంది. ఈ అంకెలు లెక్క చూపడానికే, మీ షెడ్డు చెప్పిన రేట్లు, మీ రోజు ఆదాయం వేసుకోండి.

రెండో లెక్క: బండి ఉన్నదున్నట్టు అమ్మితే ఎంత, ఇంజిన్ బాగుచేశాక ఎంత? తేడా దాదాపు ఖర్చుకు దగ్గరగా ఉంటే బాగుచేయించడంలో నష్టం లేదు. తేడా ఖర్చులో సగం కూడా లేకపోతే, ఆ బండిని ఇంకో మూడేళ్లు మీరే నడుపుతామనుకుంటేనే చేయించండి. కొత్త బండి కిస్తీతో కూడా పోల్చి చూడండి. నెలకు 20,000 కిస్తీ అయితే పైన చెప్పిన 1,35,000 ఏడు నెలల కిస్తీ కూడా కాదు. ఛాసిస్ గట్టిగా ఉంటే పాత బండికి ఇంజిన్ పనే లాభమని మా అభిప్రాయం. ఛాసిస్ పోయి ఉంటే, రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోవడం మేలు. దాన్ని చూపిస్తే కొత్త ట్రాన్స్‌పోర్ట్ బండి పన్నులో 15 శాతం వరకు రాయితీకి కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి. మీ రాష్ట్రంలో ఎంత అమల్లో ఉందో ఆర్టీవో ఆఫీసులో అడగండి.

సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ ఎప్పుడు, ఎలా

బ్లాక్ పగిలినప్పుడు, రాడ్ బయటికి పొడుచుకొచ్చినప్పుడు, క్రాంక్ గ్రైండింగ్ చేయగల చివరి సైజు కూడా దాటిపోయినప్పుడు సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ దారే మంచిది. విజయవాడ ఆటోనగర్‌లో వెతికేటప్పుడు తుడిచి రంగేసిన ఇంజిన్‌కంటే, ముందుభాగం బాగానే ఉండి వెనకనుంచి గుద్దించుకున్న బండిలోంచి అప్పుడే దించిన ఇంజిన్ నయం. వీలైతే బండిలో ఉండగానే స్టార్ట్ చేయించి పైన చెప్పిన పరీక్షలు చేయించండి. నేలమీద ఉన్న ఇంజిన్ అయితే ఆయిల్ ఫిల్టర్ విప్పించి కోయించి, కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. బంగారు రంగు, రాగి రంగు తళుకులు కనిపిస్తే బేరింగులు అరిగిపోతున్నాయి. ఆ ఇంజిన్ వద్దు.

2523 సీసీ అని రాసి ఉన్నంత మాత్రాన నేరుగా కూర్చోదు. మెకానికల్ పంపు ఇంజిన్, కామన్ రైల్ ఇంజిన్ వేర్వేరు. ప్యాసింజర్ బొలెరోకీ పికప్‌కీ సంపు ఆకారం, మౌంటింగ్ బ్రాకెట్లు, ఆల్టర్నేటర్ చోటు తేడా ఉండొచ్చు. మీ పాత ఇంజిన్ పక్కన పెట్టి ఒక్కో బ్రాకెట్ చూసుకున్నాకే డబ్బివ్వండి. కామన్ రైల్ అయితే ఇంజిన్‌తోపాటు వైరింగ్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), ఇమ్మొబిలైజర్ (దొంగతనం ఆపే లాక్) ఉంటే దాని తాళం కూడా ఒకే బండివి కావాలి, లేదా మీ పాతవి ఆ ఇంజిన్‌కు సరిపోతాయని ముందే తేలాలి. ఉద్గార ప్రమాణం కూడా చూడండి. బీఎస్ 4 బండిలో బీఎస్ 3 ఇంజిన్ పెడితే రికార్డులో కుదరదు.

ఇన్వాయిస్‌పై ఇంజిన్ నంబర్ ఉండాలి. ఆ ఇంజిన్ వచ్చిన బండి ఆర్సీ కాపీ లేదా ఆ బండి రద్దయినట్టు కాగితం అడగండి. నంబర్ గీకేసినట్టు, మళ్లీ పంచ్ చేసినట్టు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. దొంగ బండి ఇంజిన్ అయితే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

స్కార్పియో ఇంజిన్ ఆలోచన

2179 సీసీ ఎంహాక్ ఇంజిన్ పికప్‌లో కూర్చోబెట్టగలిగిన చేతులు మన దగ్గర ఉన్నాయి. అడగాల్సిన ప్రశ్న అది కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడా పడేలా బండిని మార్చకూడదు. ఇలా మార్చిన యజమానికి సెక్షన్ 182ఏ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ట్రాన్స్‌పోర్ట్ బండి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాల్సిందే, అక్కడ ఇంజిన్ నంబర్ చూస్తారు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి ఇదొక్కటి చాలు. దీనికి తోడు క్లచ్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, రేడియేటర్, సైలెన్సర్ లైన్ అన్నీ మార్చాలి. పెరిగిన శక్తికి వెనక క్రౌన్ పినియన్, బ్రేకులు సరిపోవు. లోడ్ బండికి ఇది చేయించొద్దు. మదనపల్లె టమోటా లోడుతో ఘాట్ ఎక్కడానికి బలం చాలకపోతే, సమస్య ఇంజిన్ సైజుది కాదు, బండి మోయగలిగినదానికంటే ఎక్కువ వేస్తున్నారు.

అదే రకం ఇంజిన్ మార్చినా ఆర్టీవోకు చెప్పాలి. ముందుగా అనుమతి తీసుకోవడం అన్నిటికంటే సులువు. అనుమతి లేకుండా మార్చాల్సి వస్తే 14 రోజుల్లోగా తెలియజేసి ఆర్సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి. ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఎన్‌ఓసీ కావాలి. తర్వాత బీమా పాలసీలో కూడా నంబర్ మార్పించండి, చాలామంది మర్చిపోయేది ఇదే.

ఇంజిన్ పని అనుకున్నాక

హెడ్ దిగిన రోజు మీరు అక్కడ ఉండండి. ప్రతి సిలిండర్ పై అంచుకు కొంచెం కింద గోరు పెట్టి పైకి గీయండి. గోరు మెట్టులా తగిలి ఆగితే ఆ చోట లైనర్ అరిగింది. కానీ గోరుతో నిర్ణయం వద్దు. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, రెండు దిశల్లో కొలిపించి కాగితం మీద రాయించుకోండి. అరుగుదల 0.10 నుంచి 0.15 మిల్లీమీటర్లు దాటితే రింగులు ఒక్కటే మార్చడం దండగ, కొత్త రింగులు గుడ్డు ఆకారంలోకి మారిన బోర్‌లో కూర్చోవు.

బ్లాక్‌లో లైనర్లు మార్చే వీలుంటే కొత్త లైనర్ కిట్, లేకపోతే 0.25 లేదా 0.50 ఓవర్‌సైజ్ బోరింగ్. ముందు పిస్టన్లు కొని లేత్ షాపు చేతికివ్వండి, ఆ పిస్టన్లు కొలిచాకే బోర్ కొట్టాలి. హోనింగ్ (బోర్ గోడను రాళ్లతో రుద్ది సరిచేయడం) అయ్యాక గోడమీద అడ్డంగా ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నటి గీతలు కనబడాలి, ఆయిల్ నిలిచేది వాటిలోనే. ఆ తర్వాత బ్లాక్‌ను డీజిల్‌తో కడిగి వదిలేస్తే చాలదు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌తో రుద్ది, తెల్లగుడ్డతో తుడిస్తే మసి అంటనంత వరకు కడగాలి, వెంటనే ఆయిల్ రాయాలి. హోనింగ్ రాళ్ల పొడి మిగిలితే కొత్త రింగులను కొన్ని రోజుల్లోనే తినేస్తుంది.

క్రాంక్‌ను మైక్రోమీటర్‌తో కొలిపించండి. అరిగితే 0.25, 0.50 అండర్‌సైజ్‌కు గ్రైండింగ్, దానికి సరిపోయే షెల్ బేరింగులు. జర్నల్ (క్రాంక్ మీద బేరింగ్ కూర్చునే చోటు) అంచు దగ్గర ఉండే గుండ్రటి వంపును గ్రైండర్ అలాగే ఉంచాలి. దాన్ని నిలువుగా కోసేస్తే లోడ్ మీద క్రాంక్ సరిగ్గా అక్కడే విరుగుతుంది. పాత షెల్స్‌లో రాగి పొర బయటపడి ఉంటే ఆయిల్ పంపు, ఆయిల్ కూలర్, టర్బోకు వెళ్లే సన్నపైపు శుభ్రం చేయించకుండా ఇంజిన్ మూయనివ్వకండి. అక్కడ దాక్కున్న లోహపు రజను కొత్త బేరింగులకే వెళ్తుంది.

హెడ్ మీద స్టీల్ స్కేల్ అంచు పెట్టి, కింద 0.10 ఫీలర్ (మందం కొలిచే రేకు) దూరితే ప్లేనింగ్ (చదును) చేయించాలి, మాన్యువల్ చెప్పిన మందం కంటే తగ్గకుండా. పగుళ్ల పరీక్ష తప్పకుండా చేయించండి. హెడ్ బోల్టులను మధ్యనుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. ‘చేతికి తెలుస్తుంది’ అంటే ఒప్పుకోకండి.

ఇంజిన్ చావడానికి కారణం ఏదో కనిపెట్టకపోతే ఈ డబ్బంతా వృథా. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బో దాకా ఉన్న హోస్ లోపల వేలుపెట్టి చూడండి. వేలికి దుమ్ము అంటితే హోస్ ఎక్కడో పగిలింది, ఆ పగులే లైనర్లను తినేసింది. రేడియేటర్ రాడింగ్ (గొట్టాల్లో పుల్లలు దూర్చి శుభ్రం చేయడం) చేయించండి, బోరు నీళ్లు మానేసి కూలెంట్ పోయండి. వేసవి అని తీసేసిన థర్మోస్టాట్‌ను తిరిగి పెట్టించండి. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రాక డీజిల్ సరిగా కాలదు, బోర్ అరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది.

మొదటి స్టార్టింగ్ నుంచి మొదటి ఆయిల్ దాకా

టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోయించండి. డీజిల్ ఆపి, ఆయిల్ ప్రెషర్ గేజ్ కదిలేదాకా విడతలుగా సెల్ఫ్ కొట్టించండి, ఆ తర్వాతే స్టార్ట్. గంటలకొద్దీ ఐడిల్‌లో వదిలేసే అలవాటు మంచిది కాదు. రింగులు గోడకు కూర్చోవాలంటే వాటికి కొంచెం లోడు కావాలి, ఐడిల్‌లో గోడలు గాజులా నునుపెక్కిపోతాయి. మొదటి 500 కిలోమీటర్లు సగం లోడు దాటకుండా, ఒకే వేగంలో కాకుండా గేర్లు మారుస్తూ, ఇంజిన్‌ను గుంజకుండా నడపండి. తర్వాత ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చి, పాత ఫిల్టర్‌ను కోసి చూడండి. సన్నటి బూడిదరంగు పొడి కనిపించడం సహజం, తళుకులుగానీ పెంకుల్లాంటి ముక్కలుగానీ కనిపిస్తే లోడు ఎక్కించకుండా అదే షెడ్డుకు వెనక్కి తీసుకెళ్లండి. వారంటీ ఎన్ని నెలలో, ఏ భాగాలకో బిల్లు మీదే రాయించుకుని ఉంటే ఆ రోజు మాట తేలిగ్గా తెగుతుంది.